ఉప్పు సరిపోయిందా

ఆ వీధిలో పెద్దాచిన్నా అందరికీ ఆమె వదినే. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన, అందరూ పోస్టు బాబాయ్ అనే ఆయన ఒక్కడే ఆమెను "అమ్మాయ్" అని పిలిచేవాడు. మూల మీదున్న ఆ చిన్న హోటలుకు బోర్డు మీద ఏదో పేరు ఉండేది కానీ, రాయించిన ఆమె భర్తకు తప్ప అది ఎవరికీ గుర్తుండేది కాదు. "వదిన దగ్గర తినేసి పోదాం" అనేవాళ్ళు, అంతే. తెల్లవారుతూనే తలుపులు తెరిచి, ఎండ ముదరకముందే మూసేసే హోటల్ అది. గుడ్లు, కాల్చిన రొట్టె, వెన్న, వేయించిన బంగాళాదుంపలు, కాఫీ, టీ. అంతకుమించి ఏమడిగినా "అవి తినాలంటే బస్టాండు దగ్గరికి వెళ్ళండి" అని లోపలినుంచే జవాబు వచ్చేది.

వదినకు ముక్కు మీదే కోపం. ఆ ముక్కే ఆమె ఆస్తి కూడా. చిన్నప్పుడే తల్లి పోతే మేనత్త తీసుకెళ్ళి ఒక హాస్టల్ వంటింట్లో దిగబెట్టింది. అక్కడ గిన్నెలు తోముతూ, ఉల్లిపాయలు తరుగుతూ పెరిగింది. పాలు ఇంకాసేపట్లో విరుగుతాయని పొయ్యెక్కక ముందే చెప్పేది. గంపెడు గుడ్లలో మురిగిన గుడ్డు ఒక్కటుంటే, గంప దించుతుండగానే "ఏదో తేడాగా ఉంది, చూసి పగలగొట్టండి" అనేది. హాస్టల్ పెద్ద వంటమనిషి నవ్వి, "దీనికి కళ్ళు లేకపోయినా బతికేస్తుంది" అనేవాడు. అది ఆమెకు జీవితంలో దొరికిన మొదటి మెప్పు. చాలాకాలం దానిమీదే బతికింది.

ఆమెను కట్టుకున్నవాడు పెద్ద హోటల్లో బల్లల దగ్గర వడ్డించేవాడు. మాటకారి. అలిగి లేచిపోయేవాణ్ణి కూడా ఇంకో కాఫీ తాగించి పంపే నేర్పు అతనిది. ఇద్దరూ కలిసి, మూతబడ్డ టైర్ల దుకాణం ఒకటి అద్దెకు తీసుకుని, గోడలు కడిగి, సున్నం కొట్టి హోటల్ పెట్టారు. మొదటి ఏడాది కాఫీలో కూడా రబ్బరు వాసన వస్తోందని జనం హాస్యాలాడారు. తరువాత ఆ వాసన పోయింది. వెన్న కరిగిన వాసన, కాఫీ వాసన గోడలకు పట్టాయి. జనం కూడా పట్టారు. నైట్ డ్యూటీ దిగినవాళ్ళు, పొద్దున్నే దుకాణాలు తెరిచేవాళ్ళు, ఇంట్లో వండిపెట్టే దిక్కులేనివాళ్ళు, ఉండీ గొడవపడి వచ్చినవాళ్ళు, అందరూ అక్కడికే చేరేవారు. వంటింటికీ హాలుకీ మధ్య గోడలో చిన్న కిటికీ. వదిన అందులోంచి ప్లేటు తోసేది. భర్త అందుకుని బల్ల మీద పెట్టేవాడు. పిల్లలు లేరు. "ఆ పొయ్యే వాళ్ళ సంతానం" అని ఎవరో అన్నప్పుడు వదిన ఆ మనిషితో చాలా రోజులు మాట్లాడలేదు.

ఒక వానాకాలం ఆమెకు జ్వరం తగిలింది. ఊళ్ళో సగంమందికి వచ్చిన జ్వరమే. వారం పడుకుని లేచింది. లేచిన రోజు పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి, వెనక్కి తిరిగి రొట్టె కోస్తూ నిలబడింది. వెనక పాలు పొంగి, మంటలో పడి, మాడి, వంటిల్లంతా పొగ కమ్ముకునేదాకా ఆమెకు తెలియలేదు. పొగకు కళ్ళు మండి వెనక్కి తిరిగి చూసింది. మాడిన గిన్నె మీద ముక్కు పెట్టి పీల్చింది. ఏమీ లేదు. వెల్లుల్లి రెబ్బ చిదిమి పీల్చింది. కిరోసిన్ డబ్బా మూత తీసి పీల్చింది. అద్దాన్ని వాసన చూసినట్టే ఉంది.

జలుబు తగ్గితే అదే వస్తుందనుకుంది. జలుబు తగ్గింది, అది రాలేదు. వాసనతో పాటు రుచి కూడా పోయింది. వేడి తెలిసేది, చల్లదనం తెలిసేది, మెత్తనా గట్టీ తెలిసేవి, మిరియం నమిలితే మంట తెలిసేది. మిగతాదంతా తడి కాగితం నమిలినట్టే. ఒక మధ్యాహ్నం భర్తతో సబ్బు కొనుక్కొస్తానని చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన టార్చి వేసి ముక్కులోకి చూశాడు. "నరం దెబ్బతిన్నదమ్మా. రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు.

"రాకపోతే?"

"ప్రాణానికేం భయం లేదు. చాలామంది ఇలాగే బతికేస్తున్నారు."

వాళ్ళెవరూ హోటళ్ళు నడపరు కాబోలు అనుకుని, దారిలో సబ్బు కొనుక్కుని ఇంటికి వచ్చింది.

భర్తకు చెప్పలేదు. చెబుదామనే అనుకుంది. కానీ చెప్పడానికి నోరు తెరిస్తే అది నిజమైపోతుందని ఏదో మొండి భయం. ముక్కు దిబ్బడ వేసిందని మాత్రం అంది. పొయ్యి దగ్గర కొత్తగా పని నేర్చుకోవడం మొదలుపెట్టింది. అంతకుముందు చేత్తో చల్లే ఉప్పుకు చెంచా పెట్టింది. పెనం మీద వెన్న చేసే చప్పుడు వినడం మొదలుపెట్టింది. బుసబుస తగ్గి సన్నగా చిటపటమన్నప్పుడు గుడ్డు వెయ్యాలి. ఉల్లిపాయను రంగు చూసి దించేది. పాల ముందునుంచి కదిలేది కాదు. సాయంత్రానికి పొలం దున్నినట్టు అలసిపోయేది. ఇదివరకు వంట చేస్తూ పాటలు పాడుకునేది, వీధిలోవాళ్ళ మీద జోకులు వేసేది. ఇప్పుడు పెదవి మీద పెదవి ఆనించి, పరీక్ష రాసేదానిలా చేసేది.

కొన్నాళ్ళకు భర్త ఒక మాట తెచ్చాడు. "జనానికి బీపీలూ గీపీలూ ఎక్కువయ్యాయి. ఉప్పు వేయకుండా ఇమ్మంటున్నారు. బల్లల మీద ఉప్పు డబ్బాలు పెట్టేస్తాను, ఎవరికి కావలసినంత వాళ్ళు చల్లుకుంటారు."

"ఉప్పు లేని ఆమ్లెట్ ఏమిటి, దరిద్రంగా" అంది ఆమె. లోలోపల మాత్రం గుండెల మీదనుంచి బండ దించినట్టయింది. వేశానో లేదో గుర్తులేక ఆ వారంలో ఎన్నిసార్లు గిన్నె ముందు కొయ్యబొమ్మలా నిలబడిపోయిందో ఆమెకే తెలుసు.

ఇంకొన్నాళ్ళకు కాఫీ కూడా తనే కలుపుతానన్నాడు. "కౌంటరు దగ్గర నాకేం పని, ఖాళీగా కూర్చోవడమేగా. నీకు కాస్త చెయ్యి ఖాళీ అవుతుంది." సరేనంది. మొగుడికి ఇన్నేళ్ళకు తన మీద జాలి పుట్టిందని ముచ్చటపడింది కూడా.

మెప్పులకు లోటు రాలేదు. నిజానికి ఎక్కువయ్యాయి. ఇదివరకు మాట్లాడకుండా తిని పోయేవాళ్ళు కూడా కిటికీలోకి తల పెట్టి, "వదినా, ఇవాళ అదిరింది" అని చెప్పి పోయేవాళ్ళు. పోస్టు బాబాయ్ అయితే రోజూ ప్లేటు తనే తెచ్చి కిటికీలో పెట్టి, "నీ చేతిలో ఏముందో కానీ అమ్మాయ్" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు నవ్వు పొంగేది. ముక్కూ నోరూ లేకుండా ఊరందరినీ మెప్పిస్తున్నాను, ఒక్కడు కూడా కనిపెట్టలేకపోయాడు అనుకునేది. హాస్టల్ వంటమనిషి బతికుంటే చెప్పాలనిపించేది, కళ్ళే కాదు, ముక్కు లేకపోయినా బతికేశానని. ఆ ఏడాది ఆమె నడకలోనే ఒక రాజసం వచ్చిందని తరువాత ఇరుగుపొరుగు చెప్పుకున్నారు. అలా చెప్పుకుని, తలలు దించుకున్నారు.

ఆ వీధి చివర ఆసుపత్రికి కొత్తగా ఒక నర్సు వచ్చింది. నైట్ డ్యూటీ దిగి, ఒకరోజు పొద్దున్నే హోటల్లోకి వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది. ఆమ్లెట్, రొట్టె చెప్పింది. భర్త రొట్టెల బండి దగ్గర ఎవరితోనో మాట్లాడుతూ బయట ఉన్నాడు. వదినే ప్లేటు కిటికీలో పెడితే నర్సు అందుకుంది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, వెంటనే కాగితంలోకి ఉమ్మేసింది.

"ఈ వెన్న చెడిపోయింది" అంది, ఎవరితో అందో కానీ, హాలంతా వినబడేలా. "ఇంత ముక్కిపోయిన వాసన వేస్తుంటే ఎలా తింటున్నారండీ మీరంతా?"

వదిన అట్లకాడ పక్కన పెట్టింది. కిటికీ దగ్గరికి ఒక అడుగు వేసింది. అంతలో పక్క బల్ల దగ్గరనుంచి, బాగా తగ్గించిన పోస్టు బాబాయ్ గొంతు వినిపించింది.

"గట్టిగా అనకమ్మా. ఆవిడకి వాసనా రుచీ తెలీవు. జ్వరం వచ్చి పోయాయి. మేం తింటంలా? ఏదో ఒకటి అని, తినెయ్యి. కుదరకపోతే రుమాల్లో పెట్టుకుపో, బయట కుక్క ఉంది."

"తెలీకపోతే చెప్పాలిగా" అంది నర్సు.

"చెప్తే తట్టుకోలేదు. వాళ్ళాయన మమ్మల్నందర్నీ బతిమాలుకున్నాడు. ఏడాదినుంచీ ఇలాగే నెట్టుకొస్తున్నాం. నువ్వు కొత్త."

ఇంకెవరో నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. మంచాన పడ్డ మనిషి చాదస్తాన్ని తలుచుకుని ఇంట్లోవాళ్ళు నవ్వుకునే నవ్వు. వదినకు ఆ మాటలన్నిటికంటే ఆ నవ్వే గుచ్చుకుంది.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. పొయ్యి ఆర్పలేదు. పెనం మీద గుడ్డు ఉంది, అది తిప్పింది. వచ్చిన ఆర్డర్లన్నీ చేసింది. రోజూలాగే ప్లేట్లు కిటికీలో పెట్టింది. రోజూలాగే తలలు కిటికీలోకి వంగి, "అదిరింది వదినా" అన్నాయి. "ఊఁ" అంది. పోస్టు బాబాయ్ ప్లేటు తెచ్చి పెట్టి, "నీ చేతిలో ఏముందో కానీ" అనబోయి, ఆమె మొహం చూసి, మాట మధ్యలోనే మింగేసి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక భర్త కుర్చీలెత్తి బల్లల మీద బోర్లిస్తున్నాడు. ఆమె తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి నిలబడింది.

"ఎంతమందికి తెలుసు?"

"ఏం తెలుసు?"

"నా నోటి సంగతి."

అతను చేతిలో కుర్చీతో వెనక్కి తిరిగాడు. మాటకారి కదా, ఏదో ఒకటి అల్లుతాడనుకుంది. అతను కుర్చీ కింద పెట్టాడు.

"రోజూ వచ్చేవాళ్ళకి తెలుసు."

"అంటే అందరికీ."

"అందరికీ."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను. చెప్పకపోతే ఊరుకుంటారా? మొదటి వారంలోనే ఇద్దరు ప్లేట్లు వెనక్కి పంపారు. నాకప్పుడే అర్థమైంది. ఉప్పు కషాయం చేశావు ఒకరోజు. నేనే బయటికి తీసుకెళ్ళి పారబోసి, వాళ్ళ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను."

"ఉప్పు డబ్బాలు అందుకా?"

"అందుకే."

"కాఫీ?"

"అడుగంటిన పాలతో ఇచ్చేదానివి."

ఆమె ఒక్కొక్కటీ అడుగుతోంది. అతను ఒక్కొక్కటీ ఒప్పుకుంటున్నాడు. ఆ ఏడాదిలో తనమీద చూపించిన ఆదరమంతా ఆమె కళ్ళముందే పొట్టు రాలినట్టు రాలిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పమంటావు? నువ్వు బతికేదే ఆ పొయ్యి మీద. అది కూడా లాక్కుంటే ఏమైపోతావో అని భయపడ్డాను."

"చెప్పి లాక్కుంటే ఏడ్చేదాన్ని. రెండు రోజులు ఏడ్చి లేచేదాన్ని. ఇప్పుడేం చెయ్యను? ఊరంతా కలిసి నన్ను ఉయ్యాల్లో వేసి ఊపారు. నేనేమో నడుస్తున్నాననుకున్నాను."

అతనికి కూడా కోపం వచ్చింది. "నువ్వు మాత్రం నాకు చెప్పావా? ఒక్క మంచం మీద పడుకుంటాం. ముక్కు దిబ్బడ అన్నావు. నేను దొంగనైతే నువ్వెవరు?"

అది నిజమే. నిజం కావడం వల్లే అతని మీద ఆమె కోపం రెట్టింపైంది. వంటింట్లోకి వెళ్ళి, వెన్న డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇది ఎన్నాళ్ళది?"

"నేను చూసుకోలేదు. కొత్తది తేవాలి."

"నాకు తెలీదని నీకు తెలుసు. మరి నువ్వెందుకు చూసుకోలేదు?"

అతను తల వంచుకున్నాడు. అబద్ధానికి కూడా కాపలా కాయాలి. కొన్నాళ్ళు కాసి కాసి అతనూ అలసిపోయాడు. జనం ఎలాగూ తింటున్నారు కదా అని వదిలేశాడు. ఆ సంగతి ఆమెకు అర్థమైంది. జాలిపడేవాడు పడ్డాడు సరే, ఆ జాలిలో కూడా శ్రద్ధ తగ్గిపోయింది.

మర్నాటినుంచి ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. భర్త నాలుగు రోజులు పెనంతో కుస్తీ పట్టి, గుడ్లు మాడ్చి, చెయ్యి కాల్చుకుని, చివరికి ఒక అమ్మాయిని పనికి పెట్టాడు. బేకరీలో పనిచేసి వచ్చిన పిల్ల, చురుకైనది. వదినను "పిన్నీ" అని పిలిచేది. వదిన కౌంటరు దగ్గరికి మారింది. ఇన్నేళ్ళూ గోడ కిటికీలోంచి సగం సగం కనబడిన మొహాలు ఇప్పుడు నిండుగా కనబడుతున్నాయి. ఆ మొహాలు ఆమెవైపు చూడటం లేదు. తేలు కుట్టిన దొంగల్లా గబగబా తిని లేచిపోతున్నారు. కొందరు రావడమే మానేశారు. వాళ్ళు చేసింది పాపమేమీ కాదు, పుణ్యమే అనుకున్నారు. ఆ పుణ్యం బయటపడ్డాక ఎక్కడ దాచుకోవాలో వాళ్ళకు తెలియలేదు.

భర్తతో మాటలు పని వరకే మిగిలాయి. రొట్టె వచ్చిందా, గ్యాస్ అయిపోయిందా, తాళం వేశావా. అతను ఒకటి రెండుసార్లు నవ్వించబోయాడు. ఆమె ఓపిగ్గా విని, "అయిందా?" అంది. అతను మళ్ళీ ప్రయత్నించలేదు.

అన్నిటికంటే విచిత్రం, ఆమెకు దగ్గరైంది ఆ నర్సే. మొదట్లో నర్సు కూడా మొహం చాటేసింది, నా నోటివల్లే ఇదంతా జరిగిందని. వదినే పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

"మీకు ఇష్టం లేకపోతే నేను వేరే చోటికి వెళ్తానండీ" అంది నర్సు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషివి నువ్వొక్కదానివే. నువ్వు పోతే నాకెవరున్నారు? తిను. తిని ఎలా ఉందో చెప్పు."

నర్సు తిని చెప్పేది. పుల్ల విరిచినట్టు చెప్పే మనిషి. "రొట్టె నిన్నటిది. గుడ్డు బావుంది. కాఫీ నీళ్ళలా ఉంది, మీ ఆయనకి చెప్పండి." వదిన లేచి వెళ్ళి ఆ రొట్టె పక్కన పెట్టించేది, కాఫీ మళ్ళీ కలిపించేది. ఆ కాసేపు ఆమెకు ఎవరో తన ముక్కు తెచ్చి మళ్ళీ అతికించినట్టుండేది.

కానీ కౌంటరు దగ్గర ఖాళీగా కూర్చున్న మనసు ఊరుకోదు. ఒకరోజు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. వచ్చినప్పుడు చిన్నదే. ఏడాదంతా అబద్ధం చెప్పినవాళ్ళు, అంతకుముందు నిజం చెప్పారని నమ్మకం ఏమిటి? జ్వరానికి ముందు కూడా వాళ్ళు "అదిరింది" అన్నారు. అదే గొంతు, అదే తల ఊపు. అప్పుడూ మొగుడి మాటకారితనం చూసే వచ్చారేమో. అప్పుడూ పోనీలే, పొద్దున్నే లేచి కష్టపడుతోంది అనే అన్నారేమో. దగ్గర్లో ఇంకో హోటల్ లేదు కూడానూ. ఆ ఆలోచన చెదపురుగులా వెనక్కి వెనక్కి తొలుచుకుంటూ పోయింది. ఏడాది పాడైంది సరే, పోయింది అనుకోవచ్చు. ఇప్పుడు ఇరవై ఏళ్ళ వంట కళ్ళముందు డొల్లగా మారుతోంది.

ఉండబట్టలేక పోస్టు బాబాయ్‌ని అడిగింది. ఆయన రావడం మానలేదు, సిగ్గుపడుతూనే వచ్చేవాడు.

"బాబాయ్, ఒక్క మాట నిజం చెప్పు. జ్వరం రాకముందు నా వంట బావుండేదా?"

ఆయన కప్పు కింద పెట్టాడు. "అదేం ప్రశ్న అమ్మాయ్. బ్రహ్మాండంగా ఉండేది. నా భార్య పోయాక నేను మనిషినైంది నీ చేతి తిండితోనే."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె ఆ కళ్ళకేసి చూసింది. పాచి వెన్న తిని "నీ చేతిలో ఏముందో" అన్నప్పుడు కూడా ఈ కళ్ళు ఇలాగే ఉండేవి.

"సరే బాబాయ్" అంది.

"నమ్మవా?"

"నమ్మాలనే ఉంది. ఎలా నమ్మాలో తెలీటం లేదు."

పెద్దాయన చాలాసేపు కూర్చున్నాడు. ఏదో చెప్పబోయి, ఏం చెప్పినా అది పాత మాటలాగే వినబడుతుందని తెలిసి ఊరుకున్నాడు. కాఫీ చల్లారిపోయింది. తాగకుండానే లేచాడు.

నర్సును మాత్రం ఆమె నమ్మేది. నర్సు బావుందంటే బావున్నట్టే. కానీ నర్సు ఈ ఊరికి వచ్చేసరికి ఆమె ముక్కు పోయి ఏడాది.

"నువ్వు రెండేళ్ళు ముందు వచ్చుంటే ఎంత బావుండేదో" అంది వదిన ఒకరోజు.

నర్సుకు అర్థమైంది. రొట్టె ముక్క తుంచుతూ, "నేను తినని దాని గురించి నేనేం చెప్పగలనండీ" అంది. ఇంకెవరైనా అయితే "తప్పకుండా బాగానే ఉండేదండీ" అనేవాళ్ళు. ఆ మాట అననందుకే వదినకు ఆమె అంటే అంత ఇష్టం. ఆ మాట అననందుకే ఆ రోజు చిల్లర రెండుసార్లు తప్పు లెక్కపెట్టింది కూడా. కొన్నాళ్ళకు నర్సుకు వేరే ఊరు బదిలీ అయింది. వెళ్ళేముందు వచ్చి చెప్పి, కొత్త అమ్మాయి చేసిన ఆమ్లెట్ తిని, "మిరియాలు ఎక్కువయ్యాయి" అని చెప్పి పోయింది.

ఆ తరువాతి చలికాలంలో, ఒక పొద్దున్న, హోటల్ ముందు లారీ ఆగింది. దిగిన మనిషిని వదిన వెంటనే గుర్తుపట్టింది. ఆ దారినే సరుకు తోలే రోజుల్లో వారానికి రెండు మూడుసార్లు వచ్చేవాడు. భారీ మనిషి, భారీ ఆకలి. జ్వరానికి చాలా ముందే అతన్ని వేరే రూటుకు మార్చారు, మళ్ళీ కనబడలేదు.

"ఏం వదినా, పెద్ద పోస్టులో కూర్చున్నావే" అన్నాడు కౌంటరు చూసి.

"కాసేపు కూర్చున్నాను లే" అంది.

ఆమె కౌంటరు సొరుగు మూసింది. ఈ మనిషికి ఏమీ తెలియదు. ఎవరూ ఇతన్ని బతిమాలుకోలేదు. ఇతను జాలిపడాల్సిన పని లేదు. పాత చేతి వంట తిన్నవాడు, మొహమాటం లేనివాడు. ఇన్నాళ్ళూ వెతుక్కున్న సాక్షి లారీ ఎక్కి గుమ్మంలోకి వచ్చాడు. వంట ఇప్పుడు తనది కాదని చెప్పకుండా ఊరుకుంది. కొత్త అమ్మాయి చేసింది తిని, అతనే అనాలి, ఏమైంది వదినా, ఇదివరకటి రుచి లేదేమిటి అని. ఆ ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట కోసం ఆమె కౌంటరు దిగి, ప్లేటు తనే అందుకుని, తనే తెచ్చి అతని ముందు పెట్టింది. రెండు అడుగులు వెనక్కి వేసి నిలబడింది.

అతను తింటున్నాడు. మాట్లాడడే. సగం ప్లేటు అయింది.

"ఉప్పు సరిపోయిందా?" అంది, గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంటూ.

"ఓ."

"ఇదివరకటికీ ఇప్పటికీ ఏమన్నా తేడా ఉందా?"

అతను తల ఎత్తాడు. నోట్లో ముక్క నములుతూ, నిజంగానే ఒక్క క్షణం ఆలోచించాడు. ప్లేటుకేసి చూసుకున్నాడు. ఇంకో ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

"అబ్బే, అచ్చు అదే. ఇన్నేళ్ళయినా నీ చెయ్యి మారలేదు వదినా."

అబద్ధమాడటం లేదు. ఆడవలసిన అవసరం అతనికి లేదు. తిని, తృప్తిగా తేన్చి, రొట్టె ముక్కతో ప్లేటు శుభ్రంగా తుడిచాడు.

వదిన అక్కడే నిలబడి ఉంది. గోడ కిటికీ అవతల కొత్త అమ్మాయి పెనం గీకుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ పిల్ల పొయ్యి ముట్టించి ఏడాది కూడా కాలేదు. బహుశా ఆ పిల్ల చెయ్యి గొప్పది. బహుశా లారీ మనిషికి నోరే లేదు, ఆకలి తప్ప. లేకపోతే మూడోది. గుడ్డూ, వెన్నా, ఉప్పూ. ఎవరు వేసినా అంతే. ఎప్పుడూ అంతే. అందులో తన చెయ్యి అనేది ఎప్పుడూ లేదు. ఈ మూడింటిలో ఏది నిజమో చెప్పగలిగిన నాలుక ఒకటే ఉండేది. అది ఆమె నోట్లోనే ఉండేది.

భర్త బయటనుంచి రొట్టెల గంపతో వచ్చాడు. లారీ మనిషి అతన్ని చూడగానే, "అన్నా, వదిన చెయ్యి మాత్రం మారలేదు" అన్నాడు. భర్త నోరు తెరిచాడు. ఆమెకేసి చూశాడు. ఇన్నేళ్ళ అలవాటు కదా, మాట అందివ్వబోయాడు.

"అవునవును, ఎలా మారుతుంది..."

"గంప దించు" అంది వదిన. "రొట్టె నలిగిపోతుంది."

లారీ వెళ్ళిపోయాక భర్త మెల్లగా దగ్గరికి వచ్చాడు. "వంట నీది కాదని చెప్పకపోయావా?"

"చెప్పి ఏం చెయ్యను? తిన్నవాడికి తేడా తెలీలేదు."

"వాడొక పశువు. వాడి మాటేం లెక్క. నాకు తెలుసు నీ వంట..."

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. కోపంగా కాదు. వడ్డించేవాడికి ఇక చాలని విస్తరి మీద చెయ్యి పెడతారే, అలా పెట్టింది. అతను ఆగిపోయాడు.

ఆ తరువాత ఆమె ఆ ప్రశ్న ఎవర్నీ అడగలేదు. పోస్టు బాబాయ్ పోయేముందు మంచం మీదనుంచి కబురు పంపాడు, ఒక్కసారి వచ్చి పొమ్మని. వెళ్ళి పక్కన కూర్చుంది. ఆయన ఏదో చెప్పాలని పెదవులు కదిపాడు. అది ఏమిటో ఆమెకు తెలుసు. "పడుకో బాబాయ్, అలసిపోతావు" అని దుప్పటి సర్దింది. ఆయన చెప్పకుండానే పోయాడు.

ఆమె మాత్రం రోజూ పొద్దున్నే, తలుపులు తెరవకముందు, ఉడికించిన గుడ్డు ఒకటి నిలబడే తింటుంది. ఉప్పు వేసుకోదు. నమిలి, మింగి, నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని కౌంటరు దగ్గర కూర్చుంటుంది.